బీట మీద గాజుపలక

ఇన్నేళ్ళూ ఇది రాయకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, నాకు రాత రాకపోవడం. మా నాన్న మగపిల్లల్ని బడికి పంపి, నన్ను పశువుల దగ్గరికి పంపాడు. పెళ్ళయ్యాక, ఇంట్లో ఒకరికి చదువుంటే చాల్లే అనుకున్నాం ఇద్దరమూ. మా ఆయన సర్కారు గుమాస్తా. ఇద్దరికి సరిపడా చదువు ఆయన దగ్గరే ఉండేది. నాకు యాభై దాటాక, నాంపల్లిలో మా పక్కవాటాలోకి అద్దెకు దిగిన టీచరమ్మ మధ్యాహ్నాలు ఊసుపోక నా ముందు పలక పెట్టి అక్షరాలు దిద్దించింది. కొన్నాళ్ళకు దుకాణాల బోర్డులు చదవడం మొదలుపెట్టాను. ఆబిడ్స్‌లో ఒక్కో బోర్డు దగ్గరా ఆగి కూడబలుక్కుంటూ నడిస్తే, కూరగాయల సంచి చేతిలోనే వడిలిపోయేది.

రెండో కారణం మా ఆయనే. ఇంట్లోకి వచ్చిన ఏ కాయితాన్నయినా, చివరికి పప్పు పొట్లం కట్టిన కాయితాన్నయినా, విప్పి చదవందే ఆయన పారేసేవారు కాదు. ఆయన కంటబడేలా ఇది రాయలేను. ఆయన కంటబడకుండా ఆ ఇంట్లో ఏదీ దాచలేను. ఇప్పుడా భయం లేదు.

మా కాపురం మద్రాసులో ఒక గదిలో మొదలై, అక్కణ్ణుంచి కర్నూల్లో గుడారానికీ, అక్కణ్ణుంచి హైదరాబాదుకీ వచ్చింది. రాజధాని ఎటు కదిలితే మేమటు. కర్నూల్లో ఉండగా ఒకనాడు గాలివానకి మా గుడారం నడిమి గుంజ ఊగిపోతుంటే, మా ఆయన దాన్ని రెండు చేతులా కావలించుకుని వాన వెలిసేదాకా నిలబడ్డారు. చంటిపిల్ల నా ఒళ్ళో ఉంది. ట్రంకుపెట్టె కింద నీళ్ళు పారుతున్నాయి. వాన వెలిశాక కూడా ఆయన గుంజ వదల్లేదు. నేను వెళ్ళి చేతులు విడదీయాల్సొచ్చింది. అప్పట్నించీ ఆయనకి గోడల మీద వ్యామోహం పట్టుకుంది. రోడ్డున పోతూ పోతూ మంచి గోడ కనిపిస్తే చేత్తో తట్టి చూసేవారు, కొందరు ఆవు కనిపిస్తే తాకి కళ్ళకద్దుకున్నట్టు.

హైదరాబాదొచ్చిన కొత్తలో ఇక్కడివాళ్ళకి మా మీద అనుమానం, మాకు వాళ్ళ మీద అనుమానం. నాంపల్లి స్టేషనుకి దగ్గర్లో మేం మొదట దిగిన వాటా యజమానురాలు సామాను దించుతుండగానే అడిగింది, “ఎన్ని దినాలుంటరమ్మా మీరు? మళ్ల రాజధాని మారుస్తరా?” అని. నేనూ తక్కువ తినలేదు. పాలవాడి చెంబులో వేలు ముంచి చూసేదాన్ని. సుల్తాన్ బజార్‌లో చీర కొంటే నాలుగు మడతలూ విప్పించి వెలుగులో పట్టి చూసేదాన్ని. “గా చీర లోపట దొంగ దాగిండా అమ్మా?” అని ఒక దుకాణంవాడు అడిగాడు కూడా. చదువు రాని మనిషికి అనుమానమే చదువు. నన్నెవరైనా మోసం చేస్తే కాయితం తీసి చూపించి నిలదీయలేను కనక, ముందే కళ్ళు తెరుచుకుని ఉండేదాన్ని.

పిల్లలు ఇద్దరయ్యారు, కాస్త పెరిగారు. అరవైల్లో ఒక ఆషాఢంలో, ఆబిడ్స్ వెనక సందులో పాత ఇల్లొకటి అమ్మకానికుందని మా ఆయనకి ఎవరో చెప్పారు. ఆఫీసునించి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా ఆ మాటే అన్నారు.

“ఆషాఢంలో ఇల్లు చూడటమేమిటండీ?” అన్నాను.

“చూడ్డానికి ఆషాఢమేంటే? కొనడం శ్రావణంలో కొందాం.”

వెళ్ళాం. రాతి పునాది, డంగుసున్నం గోడలు, పైన మిద్దె. నాలుగు తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగువాళ్ళది. ఇంటాయనకి సుల్తాన్ బజార్‌లో బట్టల కొట్టు. ఇంట్లో ఆయన ముసలితల్లి ఉండేది. ఇల్లు పెద్దదేం కాదు. అందరూ పడుకోవడానికి వీలైన గది ఒక్కటే, లోపలి పెద్దగది. ఆ గది దూలాలు ఒక పక్క వీధిగోడ మీదా, ఇంకో పక్క లోపలి అడ్డగోడ మీదా ఆనుకుని ఉన్నాయి. ఆ అడ్డగోడ పొడుగునా పిల్లల పక్కలు వేయొచ్చని మా ఆయన అప్పుడే అడుగులు వేసి కొలుస్తున్నారు.

నాకా గోడ నచ్చలేదు. ఇల్లంతా పాతబడి మాసిపోయి ఉంటే, ఆ ఒక్క గోడకే కొత్తగా వెల్ల వేసి ఉంది. ముట్టుకుంటే వేలికి తెల్లగా అంటింది.

“ఏవండీ, ఆషాఢంలో ఎవరైనా ఇంటికి సున్నం వేస్తారా? వేస్తే ఇల్లంతా వేస్తారు. ఒక్క గోడకే ఎందుకేశారు?” అని చెవిలో అడిగాను.

“వాళ్ళిల్లు, వాళ్ళిష్టం.”

“ఏదో కప్పెట్టారు.”

“నీకు పాలలోనూ నీళ్ళే, గోడలోనూ నీళ్ళే కనిపిస్తాయి,” అన్నారాయన.

మర్నాటికి సిద్ధాంతిని తీసుకెళ్ళారు. ఆయన ద్వారాలు లెక్కపెట్టి, ఇంటి కొలతలు వేసి ఆయం కట్టి, వీధి మంచిదే కానీ మా ఆయన పేరుకి పొసగదనీ, నా పేరు మీద కొంటే దివ్యంగా ఉంటుందనీ చెప్పాడు. మా ఆయన సంతోషంగా వచ్చి నాకీమాట చెప్పారు. నా పేరు మీద కొనాలంటే రిజిస్ట్రారు ఎదుట నేను వేలిముద్ర వేయాలి. ఇంతకు ముందు రేషను కార్డు కోసం వేశాను. అందరి ముందూ ఆ నల్లసిరా బొటనవేలు కొంగులో దాచుకోవడం నాకు బాగా గుర్తు. అయినా అప్పుడు నేనన్నది ఆ సిగ్గు గురించి కాదు.

“సిద్ధాంతిగారు ఇల్లు ఎటు చూస్తోందో చెప్పారు. ఎలా నిలబడిందో చెప్పేవాళ్ళు కావాలి. ఇళ్ళు కట్టించిన మనిషినెవరినైనా పిలిచి పునాది నించి మిద్దె దాకా చూపించండి. అలా చూపించకపోతే నేను వేలు పెట్టను.”

“ఇంటికి డాక్టరా?” అని నవ్వారు. కానీ తీసుకొచ్చారు. ఎంతైనా అది మేం జన్మలో ఒక్కసారి కొనగలిగే ఇల్లు. ఆయన కూడబెట్టినదంతా అందులోకే పోతుంది. గోడ మంచిది కాకపోతే దాని కింద పడుకునేది నా పిల్లలు.

వచ్చినాయన పింఛను పుచ్చుకుంటున్న ఇంజినీరు. ఖైరతాబాద్ నించి గొడుగూ గుడ్డసంచీ పట్టుకుని వచ్చారు. గుమ్మంలో ఇంటాయన్ని చూడగానే, “ఏం సేట్, ఖైరియతా?” అన్నారు. ఇంటాయన ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. వీళ్ళిద్దరూ ముందే తెలిసినవాళ్ళు. ఈయనా వాళ్ళ మనిషే. కొంగు దోపుకుని, ఆయన ఎక్కడికెళ్తే అక్కడికి వెనకే నడిచాను.

మొదట మిద్దె ఎక్కారు. బిందెతో నీళ్ళు తెప్పించి అక్కడక్కడా పోయించి, అవి ఎటు పారుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో కూర్చుని చూశారు. కిందికొచ్చి నిచ్చెన వేయించి, దూలాల కొసలు గోడలోకి దూరేచోట సన్నటి ఇనపపుల్లతో పొడిచారు. పుల్ల దిగితే చెదలు తిన్నట్టట. దిగలేదు. తర్వాత చెక్కసుత్తితో గోడలు తడుతూ పోయారు. మేం కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వినే పద్ధతే అది. మంచిచోట ఒక రకంగా, సున్నం లోపల ఊడినచోట బోలుగా మోగింది. నేనూ ఆయన వెనకే వేలితో కొట్టుకుంటూ వచ్చాను, ఆయన విన్నదే నాకూ వినిపిస్తుందా అని. దారానికి కట్టిన ఇత్తడి గుండుని పైనించి వదిలి గోడ నిలువు చూశారు. తలుపులన్నీ మూసి తెరిచారు. పెద్దగది తలుపు పైమూలన చౌకట్టుకి పట్టేసింది.

“గీ తలుపు ఎప్పట్నుంచి గిట్ల బట్టేస్తున్నది?” అని అడిగారు.

“వానాకాలం గదా సార్, చెక్క ఉబ్బుతది,” అన్నాడు ఇంటాయన.

ఇంజినీరుగారు కిందికి వంగారు. ఆ అడ్డగోడ మొదట్లో గొయ్యి తవ్వించి, చెయ్యి లోపలికి పెట్టి మట్టి తీసి నలిపారు. “గీడ పూడ్చిన బావేమన్న ఉండెనా ఇంతకుముందు?”

“మా తాతల జమానాల ఏముండెనో నాకేమెర్క సార్?”

తర్వాత ఆయన ఆ కొత్త వెల్ల మీద గోటితో గీకారు. నేననుకున్నట్టే అయింది. వెల్ల కింద వెంట్రుకంత బీట, తలుపు పైమూల నించి దూలం దాకా ఏటవాలుగా పోయింది. మా ఆయన వైపు చూశాను. ఆయన మిద్దె వైపు చూస్తున్నారు.

“పాత ఇంటికి బీటలేకుంటే ఎట్ల సార్? ముసలోళ్ళకు ముడతలుండయా?” అన్నాడు ఇంటాయన.

“బీట ఉన్నదని ఫికర్ లేదు,” అన్నారు ఇంజినీరుగారు. “ఎన్కట ఎప్పుడో కదిలి ఆగిన బీట అయితే ఇంకో నూరేండ్లు గట్లనే ఉంటది. ఇప్పటికి గూడ నడుస్తున్నదనుకో, గప్పుడు మీదున్న దూలాలు గూడ దాని ఎంబడి నడుస్తయి. ఏ బీట నడుస్తున్నదో కంటితోని జూస్తె తెల్వదు. జర ఆగాలె.”

సంచిలోంచి సన్నటి గాజుపలక తీశారు, వేలెడు వెడల్పుంటుంది. దాన్ని బీటకి అడ్డంగా పెట్టి, రెండు కొసల్నీ తడి సిమెంటు ముద్దలతో గోడకి అతికించారు. గోడ ఏమాత్రం కదిలినా గాజు సాగదు, పగిలిపోతుంది. వానాకాలమంతా తట్టుకుని నిలిస్తే గోడ ఆగినట్టు. దసరా వెళ్ళాక తానొచ్చి చూస్తాననీ, పగిలితే మాత్రం ఈ ఇల్లు మరచిపొమ్మనీ మా ఇద్దరి ముందూ చెప్పారు. ఒక ముద్ద మీద మేకుతో ఆనాటి తేదీ గీశారు.

మా ఆయనా ఇంటాయనా శ్రావణం కాస్తా దసరాకి పోయిందని మాట్లాడుకుంటూ వాకిట్లోకి వెళ్ళారు. ఇంజినీరుగారు సంచి సర్దుకుంటున్నారు. నాకా తేదీ చదవడం రాదు. ఎవరు రాశారో తెలియని గీతలు నాకు సాక్ష్యమెలా అవుతాయి? రెండో ముద్ద ఇంకా పచ్చిగా ఉంది. దాని మీద నా కుడి బొటనవేలు నొక్కాను.

ఆయన చూశారు. “దస్తఖత్ జేసినవా అమ్మా?”

“మీరు మీది చేశారుగా. నేను నాది చేశాను.”

“నా మీద గూడ అనుమానమేనా?”

“చాయ్ తాగారుగా మీరు వాళ్ళింట్లో.”

ఆయనకి కోపం రాలేదు. “ఎవరి చాయ్ తాగినా గోడ గోడ లెక్కనే ఉంటదమ్మా,” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత సుల్తాన్ బజార్‌లో పనున్నా లేకపోయినా కల్పించుకుని వెళ్ళి, వస్తూ ఆ సందులో ఆగేదాన్ని. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ అడ్డగోడ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. తెల్లటి వెల్ల మీద గుండ్రంగా పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి. కింద ముగ్గు, వేపమండలు.

“ఇదేంటి పెద్దమ్మా?”

“బోనాలు గదా బిడ్డా,” అంది ముసలమ్మ. “ఆషాఢంల అమ్మవారికి బోనం తీస్తం. బోనం కుండ గీడనే పెడ్తం, మా అత్తగారి అత్త కాలం నుంచి. ముందుగాల గీ గోడకు సున్నమెయ్యకుంటే ఎట్ల? మీ దిక్కు చెయ్యరా?”

మా వైపు ఆషాఢంలో మంచిపని తలపెట్టరు. ఇక్కడ అదే పండుగ నెల. నేను మోసం అనుకున్నది వాళ్ళ పూజ. సిగ్గుపడాల్సింది, పడలేదు. పూజకి వేసిన సున్నమైనా బీట కప్పిందిగా అనుకున్నాను. గాజు చూశాను. బాగానే ఉంది. పక్కన నా వేలిముద్ర, గీతలతో సహా.

ముసలమ్మ నేనొచ్చిన ప్రతిసారీ నవ్వేది. “రా బిడ్డా, జ్వరం జూసుకో. మీ ఆంధ్రోళ్ళు గోడకు గూడ థర్మామీటర్ పెడ్తరు,” అనేది. ఒకరోజు నేను గాజు చూస్తుంటే, ఆమె నన్ను పక్కనించి చూస్తూ, “నా కొడుకు అమ్ముతనంటుండు గని, నాకు మనసొప్తలేదు. నువ్వన్న కొంటె గీ గోడకు బోనం పెడ్తవా?” అని అడిగింది. ఈ మాటలో కూడా ఏదో ఎర ఉందనిపించి నేను మాట మార్చేశాను.

భాద్రపదంలో ముసురు పట్టింది. చిన్నదానికి ఒళ్ళు కాలిపోయే జ్వరమొచ్చి నేను ఇల్లు కదల్లేకపోయాను. గోడ సంగతి మా ఆయన చూస్తానన్నారు, ఆఫీసునించి వచ్చే దారే కనక.

“గాజెలా ఉందండీ?” అని సాయంత్రాలు అడిగేదాన్ని.

“ఉంది.”

“పగల్లేదుగా?”

“ఉందన్నానుగా. పిల్ల సంగతి చూడు.”

పిల్లకి నెమ్మదించాక, ఎండ కాసిన రోజున వెళ్ళాను. గాజు ఉంది. ఎక్కడా గీటు లేదు. తేదీ గీతలూ ఉన్నాయి, వెనకటిలాగే. ఆ రోజు నాకు అంకెలు వచ్చి ఉంటే ఆ తేదీ చదువుకుని తృప్తిగా ఇంటికొచ్చేసేదాన్ని. కానీ నా కళ్ళు రెండో ముద్ద మీదికి పోయాయి. అది నున్నగా ఉంది. నా బొటనవేలి గుంట లేదు.

చేత్తో తడిమాను. ముద్ద రంగు కూడా తేడాగా ఉంది, ముదురుగా. ముసలమ్మ వంటింట్లో ఉంది. ఏమీ అనకుండా వచ్చేశాను. దారంతా ఒక్కటే ఆలోచన: గాజు పగిలింది, ఇంటాయన గుట్టుచప్పుడు కాకుండా కొత్తది పెట్టించాడు. ఆ ఇంజినీరే పెట్టి ఉంటాడు. తేదీ అంత చక్కగా ఇంకెవరు గీస్తారు? చాయ్ తాగిన మనిషి.

ఇంటికొచ్చీ రాగానే మా ఆయనతో చెప్పాను. “అది మనం పెట్టిన గాజు కాదండీ. నా వేలిముద్ర లేదు.”

పేపరు చదువుతున్నవారు తలెత్తారు. “ఏ వేలిముద్ర?”

“సిమెంటు మీద వేశాను ఆ రోజు. మీరు వాకిట్లో ఉన్నారు.”

ఆయన పేపరు ఒళ్ళోకి దించారు. తర్వాత, “వానకి చెదిరిపోయుంటుంది,” అన్నారు.

“ఇంటి లోపలి గోడ మీద వానేంటండీ?”

పేపరు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేజీ తిప్పడం మాత్రం వినిపించలేదు.

మర్నాడు వంట కాగానే ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను. నిలదీయడానికే వెళ్ళాను. ఆమె పీట వేసింది, కూర్చోలేదు.

“పెద్దమ్మా, నిజం చెప్పండి. ఆ గాజు మార్చారు కదా మీవాళ్ళు?”

ఆమె బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టి నన్ను పరీక్షగా చూసింది. “మావోళ్ళా? ఏందమ్మా గట్లంటవ్? గాజు పలిగెగా ముసుర్ల. నేనే జూసిన పొద్దుగాల, నడిమిట్ల పలిగి ఉండె. నీ పెనిమిటి వచ్చినంక జూసిండు. మస్తుసేపు నిలబడ్డడు గీడ. మర్నాడు మేస్త్రీని తోల్కొచ్చి కొత్తది పెట్టించిండు. తేదీ గూడ ఆయనే గీసిండు, జేబుల నుంచి చాకు దీసి. నీకు చెప్పలే?”

నేను పీట మీద కూర్చున్నాను.

“మీ అబ్బాయికి తెలుసా?” అన్నాను.

“ఔ, తెల్సు. కొనెటాయనకే ఫికర్ లేకుంటె నాకేందమ్మా అన్నడు.” చేట తీసుకుని మళ్ళీ కింద పెట్టింది. “మేం దొంగలమనుకున్నవా బిడ్డా?”

“అనుకున్నాను పెద్దమ్మా.”

“అనుకుంటవ్ తియ్. మేం గూడ మీ గురించి ఏమేమో అనుకున్నం.” లేచి వెళ్ళి గూట్లోంచి తగరపు డబ్బా తెచ్చింది. “పలిగిన గాజు బయట పారేస్తె ఎవరి కాల్ల గుచ్చుకుంటదో అని దాసిన. పాతసామాన్లోడు వస్తె ఇద్దామని.”

డబ్బాలో గాజుముక్కలూ, గోడ నించి పెకలించిన సిమెంటు ముద్దలూ ఉన్నాయి. ఒకదాని మీద నా వేలు. బొటనవేలు అందులో పెట్టి చూశాను. పట్టింది.

సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి, కంచం పక్కన ఆ ముద్ద పెట్టి ఉంచాను. పిల్లలు పక్కవాటాలో ఆడుకుంటున్నారు. ఆయన దాన్ని చూశారు. తీసి అటూ ఇటూ తిప్పారు.

“ఇంజినీరు వేలి గుంట అనుకున్నాను,” అన్నారు.

అన్నం వడ్డించాను. ఆయన కలపలేదు.

“కర్నూల్లో ఆ గుంజ పట్టుకున్నప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? గోడంటూ ఒకటుంటే చాలు, ఎలాంటిదైనా సరే అనుకున్నాను. ఇప్పటికి ఎన్ని వాటాలు మారాం? పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. రేపు రాజధాని మళ్ళీ ఎక్కడికి పోతుందో. ఇది పోతే ఇంకోటి కొనగలనా నేను? బీటలిచ్చినా గోడ గోడేనే.”

“మీద పడేదాకా గోడే.”

“పడుతుందని ఎవరన్నారు? కదులుతోందన్నాడంతే.”

“కదులుతోందని తెలిసి దాని కింద పిల్లల పక్కలు వేయమంటారా నన్ను?”

“నేనూ అక్కడే పడుకుంటాగా.”

అది మోసగాడి మాట కాదు. ఇరుగుపొరుగుని, ఇంటాయన్ని, ఇంజినీరుని, పాలవాణ్ణి, దుకాణంవాణ్ణి అనుమానించి ఊరంతా తిరిగొచ్చాను కానీ, ఇంట్లో నా ఎదుట కూర్చున్న మనిషిని ఒక్కసారీ అనుమానించలేదు. ఆ రోజు నించీ ఆయన “ఉంది” అంటే, వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఆయన పోయేదాకా ఆ అలవాటు పోలేదు. బియ్యం డబ్బాలో బియ్యమున్నాయంటే కూడా మూత తీసి చూసేదాన్ని. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

“ఇల్లు నా పేరు మీదన్నారు,” అన్నాను చివరికి. “సిమెంటు మీదైనా కాయితం మీదైనా వేలు నాదే. వేయను.”

ఆయన ఆ ముద్దని కంచం పక్కనే పెట్టి, అన్నంలో చారు పోసుకున్నారు.

చదివేవాళ్ళు గోడ కూలిన కబురు కోసం ఎదురుచూడకుండా ఇక్కడే చెప్పేస్తాను. ఆ గోడ కూలలేదు. ఆ ఇల్లు ఇంకెవరో కొన్నారు. చాలా ఏళ్ళయినా అలాగే ఉంది. ఆ సందులోంచి పోయినప్పుడల్లా మా ఆయన మిద్దె వైపు చూసేవారు, నేను పునాది వైపు చూసేదాన్ని. ఆయన ఒక్కనాడూ “చూశావా” అనలేదు. ఇంజినీరుగారి దగ్గరికి ఆయనే ఒంటరిగా వెళ్ళి చెప్పొచ్చారు. ఏం చెప్పారో నేనడగలేదు. కొన్నవాళ్ళు గోడ విప్పి కట్టుకున్నారో, ఆ బీట దానంతటదే ఆగిందో నాకు తెలియదు. ఆ ఇంట్లో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తే మాత్రం ఇప్పటికీ నా నడక తడబడుతుంది.

వేలు వేయనన్న ఆ రాత్రి గడిచి, మర్నాడు పొద్దున్నే కాఫీ ఇచ్చి, పెద్దదానికి జడ వేసి, చెప్పులు తొడుక్కున్నాను. ఎక్కడికని ఆయన అడగలేదు. ఆఫీసుకి ఇంకా వేళ కాకపోయినా చొక్కా వేసుకుని నాతో నడిచారు. నాంపల్లి దాటి ఆబిడ్స్ దాకా వచ్చాం. సందు మొదట్లో ఆయన ఆగిపోయారు. “నువ్వెళ్ళు,” అన్నారు. నేను రెండడుగులు వేశాక, “ఇదిగో,” అని పిలిచి, పెన్సిళ్ళు చెక్కుకునే చాకు నా చేతిలో పెట్టారు. దాని మొనకి బూడిదరంగు సిమెంటు ఎండిపోయి అంటుకుని ఉంది. నేనెందుకెళ్తున్నానో ఆయనకి ఎలా తెలిసిందో.

ముసలమ్మ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది.

“మేం కొనడం లేదు పెద్దమ్మా,” అన్నాను. “కానీ ఆ గాజు అలా ఉంచకూడదు. రేపొచ్చేవాళ్ళు దాన్ని చూసి, తేదీ చదివి, గోడ గట్టిదనుకుంటారు.”

“నా కొడుకు కొట్టుకు పోయిండు. వాడు వస్తె తియ్యనియ్యడు,” అంది. చెంబు పక్కన పెట్టి, నాకు అడ్డం తప్పుకుంది. “జల్ది తియ్. అమ్మవారి బొట్టుకు తాకనియ్యకు.”

పసుపు రాసిన చోటికి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, చాకు మొన ముద్ద కిందికి తోసి, కొద్దికొద్దిగా కదిపాను. నున్నటి ముద్ద పెళ్ళలుగా రాలింది. తేదీ ఉన్నది గట్టిగా పట్టుకుంది, చాలాసేపు గీకాల్సొచ్చింది. గాజు పగలకుండా చేతిలోకి వచ్చింది. వెలుగులో పట్టి చూశాను. తర్వాత కొంగులో చుట్టి, రాలిన సిమెంటుని చీపురుతో ఊడ్చి, ముసలమ్మకి చెప్పి, ఆయన నిలబడ్డ చోటికి నడిచాను.